లే, అవుట్

నాకు పార్కులంటే కోపం. పొద్దున్నే తెల్లబూట్లు వేసుకుని పార్కులో గుండ్రంగా తిరిగేవాళ్ళంటే ఇంకా కోపం. వాళ్ళలో డాక్టరు చెప్పాడని మోకాళ్ళ కోసం ఏడు చుట్లు తిరిగే బట్టతలాయన ఒకడున్నాడు. అతనంటే మరీ కోపం. అతను నేనే.

తొంభైల మధ్యలో సర్జాపుర రోడ్డు మీద, ఊరు అయిపోయిందని అనుకున్న తర్వాత ఇంకో రెండు మలుపులు తిరిగితే వచ్చే చిన్న లేఅవుట్‌లో స్థలం కొన్నాను. బెంగుళూరులో స్థలాన్ని సైటు అంటారు. మా గుంటూరు వైపు సైటు అంటే వయసులో ఉన్నప్పుడు కొట్టేది, నలభై దాటాక కళ్ళకు వచ్చేది. మొదటిది నాకు చేతకాలేదు. రెండోది వచ్చిన ఏడాదే మూడోది కొన్నాను. కళ్ళు సరిగ్గా ఉంటే కొనేవాణ్ణి కాదని మా ఆవిడ అభిప్రాయం.

నీలం రంగు ప్లాను కాయితం మీద మా సైటుకు ఎదురుగా ఒక పెద్ద చదరం గీసి, అందులో 'సి.ఎ.' అని రాసి ఉండేది. అది ఎవరో ఆడిటరుగారి సైటని మా ఆవిడ చాలాకాలం నమ్మింది. "పోయి పోయి ఆడిటరు ఎదురింట్లోనా?" అని దిగులుపడేది. సి.ఎ. అంటే సివిక్ అమెనిటీ అనీ, అంటే పౌర సౌకర్యాల కోసం వదిలిన స్థలమనీ తెలిశాక ఆవిడ దిగులు పోయి, నాకు గర్వం వచ్చింది. అమ్మినవాళ్ళు ఇచ్చిన రంగుల కాయితంలో ఆ చదరంలోనే పార్కు ఉంది, గ్రంథాలయం ఉంది, పిల్లల ఉయ్యాలలున్నాయి, ఎర్ర గొడుగు కింద కూర్చుని ఏదో తాగుతున్న ఒక జంట కూడా ఉంది.

ఇల్లు కట్టుకుని వచ్చేసరికి ఆ జంట వెళ్ళిపోయింది. గొడుగు కూడా తీసుకుపోయారు. నాలుగు వైపులా రాతి కూసాలు, ఒక పక్క నీలగిరి తోపు, ఇంకో పక్క ఎవరిదో రాగి చేను. బస్సు మెయిన్ రోడ్డు మీద దింపేసి, మా వైపు చూడకుండా వెళ్ళిపోయేది. గ్రంథాలయం అంటే మెయిన్ రోడ్డు మీద బోండాలు చుట్టి ఇచ్చే పాత పేపర్లు. కన్నడ పేపరూ తెలుగు పేపరూ రెండూ ఉండేవి కాబట్టి ద్విభాషా గ్రంథాలయమే అనుకోవాలి.

కాయితంలో ఉన్నదేదీ అక్కడ లేదు. అక్కడ ఉన్నవి రెండూ కాయితంలో లేవు. ఒకటి ఆ సి.ఎ. సైటు మూలన బోరుకు బిగించిన కొళాయి. రెండోది, ఆ కొళాయి పక్కన సిమెంటు ఇటుకలు పేర్చి, పైన రేకులు కప్పిన గుడిసెలో ఉండే ఆమె.

కదిరి అవతల ఏదో పల్లె ఆమెది. మొదటి ఇల్లు కట్టిన మేస్త్రీతో పాటు వచ్చి, ఆ తర్వాత కట్టిన ప్రతి ఇంటికీ ఇటుకలు మోసింది, గోడలకు నీళ్ళు పట్టింది. కొత్త గోడకు రోజూ నీళ్ళు కొట్టకపోతే పగుళ్ళు వస్తాయి. మా ఇంటి గోడలకు కొట్టింది ఆమే. మొగుడు కాంక్రీటు పనికి పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడు. లేఅవుట్‌లో పగలంతా ఉండే మనిషి ఆమె ఒక్కతే. మోటారు స్విచ్చి ఆమె చేతిలోనే ఉండేది. ఎవరి డ్రమ్ము ముందు, ఎవరి బిందె తర్వాత అనేది ఆమె చెబితే అంతే. అందరి బిందెలూ నిండాక చివరికి తన బిందె పెట్టుకునేది. ఆ లేఅవుట్‌లో నిజంగా పనిచేసిన పౌర సౌకర్యం ఏదైనా ఉందంటే అది ఆమే.

నన్ను 'అప్పా' అనేది. నాకంటే పదేళ్ళయినా చిన్నది. మొదట్లో ఈ 'అప్పా' ఏమిటని ఇబ్బందిపడ్డాను. తర్వాత తెలిసింది, ఇక్కడ పాతకాపుల తెలుగులో అది దగ్గరితనమని.

అక్కడికి వెళ్ళిన మొదటి వేసవిలో ఒకసారి మోటారు కాలిపోయి రెండు రోజులు చుక్క నీళ్ళు రాలేదు. పక్కింట్లో స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన కన్నడావిడ ఉండేది. గేటు దగ్గర కనిపించి, "ఊట ఆయ్తా?" అని అడిగింది. ఊట అంటే నాకు తెలిసింది ఒకటే, నేలలోంచి ఊరే నీళ్ళు. పాపం, వీళ్ళకీ నీళ్ళు లేవు కదా, బోరులో ఊట వచ్చిందా అని అడుగుతోంది అనుకున్నాను. నాకొచ్చిన కన్నడమంతా కూడగట్టుకుని, "ఇల్లా, ఎరడు దివస ఆయ్తు" అన్నాను. ఆవిడ "అయ్యో!" అని గుండె మీద చెయ్యి వేసుకుని లోపలికి పరుగెత్తింది. అరగంటలో గిన్నెడు బిసిబేళె బాత్ మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ ఆ గిన్నె వైపూ, నా వైపూ చూసి, "ఏం చెప్పారు నా గురించి?" అంది.

సంగతి విప్పి చెప్పింది గుడిసె ఆమే. నవ్వలేక కొళాయి పట్టుకుని నిలబడింది.

"ఊట అంటే కన్నడంలో కూడప్పా! ఆయమ్మ నువ్వు కూడు తింటివా అని అడిగితే, తిని రెండు దినాలాయె అంటివి నువ్వు!"

అప్పట్నుంచీ నేను ఆ దారిన పోయినప్పుడల్లా "ఊట అయిందా అప్పా?" అని అడిగేది. "ఏ ఊట?" అనేవాణ్ణి. "నీకు యాది గావాల?" అనేది, అన్నమా నీళ్ళా అన్నట్టు. ఏడెనిమిదేళ్ళు అదే హాస్యం, అవే మూడు ముక్కలు. ఇద్దరికీ విసుగు రాలేదు.

ఇంతవరకూ కోపం ఏమీ లేదు కదా అనిపిస్తుంది. ఇక్కడ్నుంచి ఉంది.

రెండువేలు దాటాక హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నిండిపోయి మా వైపు పొంగింది. రాగి చేను అపార్టుమెంటు అయింది. నీలగిరి తోపు దాని కారు షెడ్డు అయింది. మాకొక సంఘం కావలసివచ్చింది. నీటిపారుదల ఇంజనీరుగా పనిచేసి రిటైరైన తెలుగాయన అధ్యక్షుడయ్యాడు. డ్రాఫ్టింగు, అంటే ఉత్తరాలూ తీర్మానాలూ రాయడం, బాగా చేస్తానని నన్ను కార్యదర్శిని చేశారు. డ్రాఫ్టింగు బాగా చేసేవాడు అంటే ఇతరుల ఉద్దేశాలకు మంచి బట్టలు తొడిగేవాడని అర్థం.

తొలి సమావేశం అధ్యక్షులవారి పోర్టికోలో, ప్లాస్టిక్ కుర్చీల్లో జరిగింది. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. మైకు లేకపోయినా లేచి నిలబడ్డాను. "లేఅవుట్ అనేది ఇంగ్లీషు మాట అనుకుంటున్నారు. కాదు. అచ్చ తెలుగింటి మాట. ఆదివారం పొద్దున పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చుంటానా, మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి ముందు 'లే' అంటుంది. తర్వాత 'అవుట్' అంటుంది. అదే మన లేఅవుట్" అన్నాను.

కుర్చీలు కిర్రుమనేలా నవ్వారు. అధ్యక్షుడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఎవరు కొత్తగా చేరినా, "మా సెక్రటరీగారి జోకు విన్నారా?" అని ఆయనే చెప్పేవాడు. నేను పక్కన వినయంగా నిలబడేవాణ్ణి. అంతగా చలామణీ అయిన మాట నేను జీవితంలో ఇంకొకటి అనలేదు.

సి.ఎ. సైటును పార్కు చేయాలన్నది సంఘం మొదటి తీర్మానం. చుట్టూ గోడ, లోపల నడిచే దారి, సిమెంటు బల్లలు, గేటు, గేటుకు కాపలా. గుడిసె తీసేయాలి. ఆమె గొడవ చేయలేదు. రోడ్డుకు ఇటుపక్క, బొంబాయిలో ఉండే ఎవరిదో ఖాళీ సైటులో మళ్ళీ అవే ఇటుకలు పేర్చుకుంది. ఒక్కటే అడిగింది, నన్నే అడిగింది.

"కొళాయి గోడకు బయట పెట్టిచ్చప్పా. గోడ మీ ఇష్టం, ఎంత ఎత్తన్నా కట్టుకోండి. కొళాయి బయటుంటే సాలు. లేకుంటే పాత ఊరి బోరు కాడికి పోవాల. ఆడికి పొయ్యొచ్చే లోపల పొద్దున పని పోతాది. పని పోతే ఈడేముండాది మాకు?"

"చూస్తాను" అన్నాను.

నాకు సైటు వచ్చి అప్పటికి పదేళ్ళు. నేను చూస్తానన్నది ఏదీ నాకు కనిపించింది లేదు.

కొళాయి సంగతిని సమావేశం అజెండాలో ఎనిమిదో అంశంగా, 'ఇతరములు' కింద రాశాను. ఏడో అంశం గేటు బోర్డు మీద ఏం రాయాలన్నది. కన్నడంలో మా పక్కింటి టీచరుగారు రాస్తానన్నారు. ఇంగ్లీషు అందరికీ వచ్చు. తెలుగు నాకు అప్పగించారు. 'నివాసులకు మాత్రమే' అని రాయాలా, 'నివాసితులకు మాత్రమే' అని రాయాలా అన్న చర్చ నేనే లేవదీశాను. నివాసి అంటే ఎవరు, నివాసితుడు అంటే ఎవరు, ఏది శిష్టం, ఏది వినడానికి బాగుంటుంది. అరగంట మాట్లాడాను. అందరూ శ్రద్ధగా విన్నారు. టీచరుగారు మాత్రం మధ్యలో ఒకసారి, "ఆ నల్లి హత్తిర ఇద్దవళు? అవళు నివాసి అల్లవా?" అన్నారు. కొళాయి దగ్గర ఉండే ఆమె, ఆమె నివాసి కాదా అని. 'నివాసితులకు' అన్నదే ఖాయం చేద్దామని నేను అప్పుడే అంటున్నాను. అంతలో వడలు వచ్చాయి. వడలు చల్లారిపోతాయని ఇతరములను చల్లార్చేశాం.

నా కోపం అధ్యక్షుడి మీద అనుకునేవాణ్ణి. కాదు. ఆ అరగంట మీద.

గోడ లేచింది. కొళాయి లోపల పడింది. గేటు పెట్టిన మొదటి రోజు పొద్దున, ఒడిశా నుంచి వచ్చిన కాపలావాడు ఇంకా యూనిఫారం గుండీలు పెట్టుకుంటుండగానే ఆమె రెండు బిందెలతో లోపలికి వెళ్ళి కొళాయి దగ్గర కూర్చుంది. నీళ్ళు ఇంకా వదల్లేదు. మోటారు స్విచ్చి అప్పటికి కాపలావాడి గదిలోకి మారింది.

అధ్యక్షుడు నడక ఆపి వచ్చాడు. నేను ఆయన వెనక రెండడుగుల దూరంలో ఉన్నాను.

"ఏమ్మా, ఇది పార్కు. ఇక్కడ బిందెలేంటి?"

"నీళ్ళకి సార్."

"నీళ్ళు మొక్కలకి. జనం నడిచే చోట బురద చేస్తే ఎలా? ఇక్కడ రూల్సున్నాయి."

"మొక్కలు నిన్న వచ్చినాయి సార్. నేను ఎప్పుడో వచ్చినా."

అధ్యక్షుడి ముఖం ఒక్కసారిగా వెలిగింది. అరచెయ్యి పైకి ఎత్తి, "లే" అన్నాడు. ఆ చేతినే గేటు వైపు చాపి, "అవుట్" అన్నాడు. వెనక్కి తిరిగి నా వైపు చూసి, "మీదే! మీ జోకే!" అని మెచ్చుకోలుగా అన్నాడు.

నేను నవ్వాను. పెద్దగా కాదు. పెదవి చివర, మర్యాద కోసం నవ్వే నవ్వు. కానీ నవ్వాను.

ఆమె బిందెలు తీసుకుని లేచింది. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

"నువ్వు గూడా నగుతాండావా, సారూ?"

అంతకుముందు ఎప్పుడూ నన్ను సారూ అనలేదు.

మరుసటి వారం బోర్డు వచ్చింది. రాసిన పెయింటరు కర్నూలు వైపు పెద్దాయన. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పైన కన్నడం, మధ్యలో ఇంగ్లీషు, కింద తెలుగు. తెలుగు చదివి ఆగిపోయాను. నేను రాసిచ్చింది 'నివాసితులకు మాత్రమే'. బోర్డు మీద 'వా' పక్కన ఒక చిన్న కొక్కెం ఉంది. పాతకాలం వాళ్ళు పొల్లు రకారానికి బదులు అక్షరానికి కుడిపక్క పెట్టే వలపలగిలక. ఆ కొక్కెంతో అది 'నిర్వాసితులకు మాత్రమే' అయింది. ఇల్లూ ఊరూ పోగొట్టుకున్నవాళ్ళకు మాత్రమే ప్రవేశం.

"ఏమయ్యా, ఇదేం రాశావు?"

"మీరు రాసిచ్చిందే కదా సార్."

"నేను నివాసితులు అని రాశాను."

ఆయన బోర్డు వైపు చూశాడు, నా కాయితం వైపు చూశాడు. "అట్లాంటి మాట ఒకటుందని నాకు తెల్దు సార్. మాది డ్యాములో మునిగిన ఊరు. కార్డు మీద ఇదే మాట, ఆఫీసు కాడ లైన్లో ఇదే మాట, మా నాయన చచ్చిపోయినప్పుడు కాయితం మీద గూడా ఇదే మాట. మీరు ఏదో తొందరలో కొక్కెం మర్సిపోయినారేమో అనుకున్నా. దిద్దమంటారా?"

నేను జీవితంలో చేసిన కాస్త మంచి పని ఏదంటే, ఆ క్షణాన మాట్లాడకపోవడం. తల అటూ ఇటూ కాకుండా ఊపి ఇంటికి వచ్చేశాను.

నేను వచ్చేశాక పెయింటరు నిచ్చెన దించుకుంటూ, రోడ్డు అవతల ఖాళీ బిందెలతో నిలబడ్డ ఆమెకు బోర్డు చదివి వినిపించాడట. "మీ అట్లాంటోళ్ళకేనంట" అని. కాపలావాడికి ఆ మూడు భాషల్లో ఒక్కటీ చదవరాదు. పెయింటరు వాడికి కూడా వేలు పెట్టి చూపించి, వచ్చీరాని హిందీలో నచ్చజెప్పాడు. వాడు స్విచ్చి వేశాడు. ఆమె నీళ్ళు పట్టుకుంది.

అలా నాలుగు రోజులు. అధ్యక్షుడు పెళ్ళికని ఊరెళ్ళాడు. మిగిలిన తెలుగువాళ్ళం ఇరవై ఇళ్ళ వాళ్ళం ఉన్నాం. ఆ బోర్డు కింద నుంచి రోజూ రెండుసార్లు నడిచి వెళ్ళాం. ఒక్కరూ తెలుగు వరుస చదవలేదు. కన్నడం ఒప్పు, ఇంగ్లీషు ఒప్పు. తప్పున్న చోటే ఆమెకు దారి ఉంది. ఐదో రోజు మాత్రం, ఊరి నుంచి వచ్చిన అధ్యక్షుడు నాకు ఫోను చేశాడు.

"ఏవండీ సెక్రటరీగారూ, గేటు మీద ఏం రాశారో చూశారా?"

"చూ... ఏమైందండీ?"

"నిర్వాసితులని ఉందండీ! సర్వీసంతా ఆ మాట రాసి రాసి చేతులు పడిపోయాయి నాకు. దాన్ని వదిలించుకుని ఇక్కడికొస్తే గేటు మీదకొచ్చి కూర్చుంది. ఆ బిందెలావిడ కూడా లోపలే ఉందట. మీ తెలుగే కదా, మీరే దిద్దించండి. ఆదివారం ప్రారంభోత్సవం."

పెయింటరు దేవనహళ్ళి వైపు పనికి పోయాడని తెలిసింది. వచ్చేదాకా ఆగుదామని చెప్పవచ్చు. అసలు ఆ బోర్డు సరిగ్గానే ఉందని చెప్పవచ్చు. కొళాయిని గోడ బయటికి తిప్పడం ప్లంబరుకు ఒక పూట పని అని చెప్పవచ్చు. ఇవన్నీ నాకు ఇప్పుడు బాగా వస్తున్నాయి. అప్పుడు మాత్రం మా అటక మీద, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన తెల్ల ఎనామిల్ డబ్బా కోసం వెతికాను. మూత పెచ్చుకట్టి ఉంటే స్క్రూడ్రైవరుతో లేపాను. మధ్యాహ్నం రెండింటికి మా స్టూలు మోసుకుపోయి, దాని మీద ఎక్కి నిలబడ్డాను.

ఒక్క కొక్కెం. కుంచెతో ఒక్కసారి గీస్తే చాలు. గీశాను. రోడ్డు అవతల రేకుల నీడలో ఆమె కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. చదువు రాదు. అయినా నేను ఏం తీసేస్తున్నానో ఆమెకు అర్థమైందని, చాట కదలడం ఆగినప్పుడు తెలిసింది. స్టూలు ఊగింది. పట్టుకోవడానికి ఎవరూ రాలేదు. మా ఇంటి గోడలకు నీళ్ళు కొట్టినప్పుడు నిచ్చెన పట్టుకోమని ఆమె ఎవరినీ అడగలేదు.

ప్రారంభోత్సవం బాగా జరిగింది. కార్యదర్శి భాషాభిమానాన్ని అధ్యక్షుడు ప్రత్యేకంగా ప్రస్తావించి, నాకు శాలువా కప్పాడు.

రెండు వారాలు ఆమె పాత ఊరి బోరు దగ్గరికి నడిచింది. పొద్దున పనులు ఒకటొకటిగా పోయాయి. మా ఆవిడ మా సంపులోంచి పట్టుకోమంది. ఒకరోజు పట్టుకుంది. రెండో రోజు మా గేటు దాకా వచ్చి, నేను వరండాలో ఉండడం చూసి వెనక్కి వెళ్ళిపోయింది. మా ఆవిడ నాతో ఆ రోజంతా మాట్లాడలేదు. 'లే' అనీ అనలేదు, 'అవుట్' అనీ అనలేదు.

తర్వాత ఒక పొద్దున వాళ్ళ సామాను చిన్న ట్రాలీలోకి ఎక్కింది. రేకులు, రెండు బిందెలు, ఒక ట్రంకు పెట్టె. ఇటుకలు వదిలేశారు. నేను నడకకు బయల్దేరి, తెల్లబూట్లతో రోడ్డు మధ్యలో దొరికిపోయాను.

"ఎక్కడికి?" అన్నాను.

"సర్జాపుర దాటినాక యాదో కొత్త లేఅవుట్ ఏస్తాండారంట. ఇంకా ఎవురూ రాలేదంట ఆడికి." ట్రాలీలోకి ఎక్కి బిందెలు ఒడిలో పెట్టుకుంది. "కొళాయి ఉండాది."

నేను ఏదో అనాలి. మాటలతో బతికినవాణ్ణి. జేబులు తడుముకున్నట్టు నోరు తడుముకున్నాను. ఆమే అడిగింది, ఎప్పుడూ అడిగినట్టే, ఒక్క మాట తేడాతో.

"ఊట అయిందా, సారూ?"

ఏ ఊట అని నేను అడగాలి. అప్పుడు ఆమె, నీకు యాది గావాల అనాలి. ట్రాలీ ఇంజను మొదలైంది. ఆమె ఇంకా నా వైపే చూస్తోంది.

"అయింది" అన్నాను.